బస్ షెల్టర్‌ను బాగుచేసుకోవడం ఎలా: సామాజిక డిజైన్‌కు ఒక సమగ్ర మార్గదర్శి

మన ఊళ్లలో చాలా బస్ షెల్టర్ల దగ్గర ఇదే వరస. లోపల బెంచీ ఖాళీగా ఉంటుంది, జనమంతా బయట రోడ్డు అంచున ఎండలో నిలబడి ఉంటారు. కారులో వెళ్లేవాళ్లు చూసి జనానికి క్రమశిక్షణ లేదనుకుంటారు. ఆ బెంచీ మీద కాసేపు కూర్చుంటే అసలు సంగతి తెలుస్తుంది. మన దేశంలో బండ్లు ఎడమ పక్కన నడుస్తాయి కాబట్టి, షెల్టర్‌లో రోడ్డుకేసి తిరిగి కూర్చున్నవాళ్లకు బస్సు కుడిచేతి వైపు నుంచి వస్తుంది. సరిగ్గా ఆ వైపే నిండు గోడ కట్టి, దాని మీద పోస్టర్లు అంటించి ఉంటారు. బస్సు వచ్చేది కనబడదు. కనబడకపోతే చెయ్యెత్తలేరు. చెయ్యెత్తకపోతే డ్రైవర్ ఆపకుండా వెళ్లిపోవచ్చు. అందుకే ముసలివాళ్లతో సహా అందరూ లేచి రోడ్డు మీదికి వస్తారు.

కూర్చున్న మనిషి కంటికి అందే ఎత్తులో ఆ గోడకు ఒక జాలీ పెడితే చాలు, సగం మంది లోపలే కూర్చుంటారు. సామాజిక డిజైన్ అనే మాట పెద్దదిగా వినిపిస్తుంది కానీ, దాని పని ఇలాంటిదే. పదిమందీ వాడుకునే చోటు, సేవ, పద్ధతి ఎలా ఉంటే వాళ్ల రోజు సులువుగా గడుస్తుందో, ఆ వాడేవాళ్లతో కూర్చుని తేల్చుకోవడం.

ఈ ఆలోచన మనకు బయటి నుంచి రావాల్సినదేమీ కాదు. ఇంటి ముందు అరుగు దారిన పోయేవాళ్లకు కాసేపు కూర్చునే చోటు. ఎండాకాలంలో చలివేంద్రం, ఊరి నడుమ చెట్టు కింద రచ్చబండ కూడా అలా పుట్టినవే. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రైతు బజార్లు కూడా ఇదే కోవలోకి వస్తాయి. దళారి లేకుండా రైతు, కొనుగోలుదారు ఎదురెదురుగా నిలబడేలా ఒక చోటును, ఒక పద్ధతిని ఏర్పాటు చేశారు. అక్కడ షెడ్డు ఎంత ముఖ్యమో రైతుకిచ్చే గుర్తింపు కార్డు, ధరల బోర్డు, కూరగాయల గంపలతో పొద్దున్నే ఎక్కడానికి ఆర్టీసీ బస్సు కూడా అంతే ముఖ్యం. కట్టడం, కాగితం, రవాణా కలిసి పనిచేస్తేనే ఆ బజారు నడుస్తుంది.

ఈ వ్యాసంలో ఒకే ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా వెళ్తాను. అదే బస్ స్టాప్. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆడవాళ్లు ఆర్టీసీ బస్సుల్లో ఉచితంగా ప్రయాణిస్తున్నారు. టికెట్ భారం తగ్గింది. బస్సు కోసం నిలబడే చోటు మాత్రం చాలా ఊళ్లలో పాత తీరులోనే ఉంది. అంగన్‌వాడీ, పంచాయతీ కార్యాలయం, రేషన్ దుకాణం ముందు క్యూ, బడి గేటు, దేనికైనా ఇవే మెట్లు పనికొస్తాయి.

1. ఒక్క చోటు, ఒక్క వాక్యం

మండలంలోని స్టాపులన్నీ ఒకేసారి బాగుచేద్దామని బయల్దేరకండి. మీరు రోజూ వెళ్లే ఒక్క స్టాపు తీసుకోండి. ముగ్గురు నలుగురు కలవండి. అందులో ఒకరు ఆ స్టాపు దగ్గరే ఉండే మనిషైతే మంచిది, అంటే టీ కొట్టు ఆవిడ, ఆటో డ్రైవర్, పూలమ్మే మనిషి.

తర్వాత సమస్యను ఒక్క వాక్యంలో రాయండి. ఆ వాక్యంలో మనిషి ఉండాలి. "బస్ షెల్టర్ లేదు" అని రాస్తే, షెల్టర్ కట్టడం తప్ప ఇంకే జవాబూ తట్టదు. "సాయంత్రం కాలేజీ వదిలాక ఆడపిల్లలు ముప్పావు గంట చీకట్లో నిలబడాల్సి వస్తోంది" అని రాయండి. ఇప్పుడు జవాబు దీపం కావచ్చు, స్టాపును వెలుతురున్న దుకాణాల ముందుకు జరపడం కావచ్చు, బస్సు వేళ మార్చడం కావచ్చు. ఒక్కోసారి అసలు కట్టాల్సిందేమీ ఉండదు. డిపో మేనేజర్‌కి ఒక అర్జీ పెడితే పనైపోతుంది.

2. నోరు మెదపకుండా చూడండి

అన్నిటికన్నా విలువైన మెట్టు ఇది. చాలామంది వదిలేసేదీ ఇదే. పొద్దున స్కూలు వేళ, నడి మధ్యాహ్నం, సాయంత్రం దీపాలు పెట్టే వేళ, సంత రోజు, వాన పడిన రోజు, ఇలా వేర్వేరు సమయాల్లో వెళ్లి గంటసేపు కూర్చోండి. ఫొటోలు తీస్తే జనం సర్దుకుని నిలబడతారు, ఇబ్బంది పడతారు. కాగితం మీద స్టాపు బొమ్మ గీసుకుని, మనుషులు ఎక్కడుంటే అక్కడ చుక్క పెట్టండి. పావుగంటకోసారి కొత్త కాగితం తీసుకోండి. చివర్లో ఆ కాగితాలన్నీ పక్కపక్కన పెడితే జనం నీడను బట్టి ఎలా జరుగుతున్నారో కనిపిస్తుంది.

ఏం చూడాలంటే, ముందు కాళ్ల గుర్తులు. గడ్డి ఎక్కడ అరిగిపోయింది, గోడ ఎక్కడ నున్నబడింది. జనం రోజూ వాడే దారినీ, ఆనుకునే చోటునూ అవి చూపిస్తాయి. తర్వాత సంచులు. ఎక్కడ పెడుతున్నారు, పెట్టడానికి చోటు లేక ఎంతసేపు మోస్తున్నారు. ఆ తర్వాత బస్సు. అది సరిగ్గా ఎక్కడ ఆగుతోంది? షెల్టర్ ముందు ఆటోలు ఉంటే డ్రైవర్ ఇరవై అడుగులు ముందుకెళ్లి ఆపుతాడు. అందరూ అటు పరిగెత్తుతారు. ఆ పరుగులో వెనకబడేది ఎవరో చూసుకోండి. వాళ్లే మీ డిజైన్‌కు అసలు కొలమానం.

మధ్యాహ్నం పూట ఇంకో చిత్రం చూస్తారు. రోడ్డుకు తూర్పు పక్కన కట్టి, పడమర ముఖంగా ఉన్న షెల్టర్లలో జనం లోపల ఉండరు, ఎదురుగా కూడా ఉండరు. షెల్టర్ వెనక నిలబడతారు. ఎందుకో అయిదో మెట్టులో లెక్క కట్టి చూద్దాం.

3. "ఏం కావాలి?" అని అడగొద్దు

అలా అడిగితే అందరూ ఒకటే చెబుతారు: షెల్టర్ కావాలి, ఫ్యాన్ కావాలి, బాత్‌రూమ్ కావాలి. ఆ కోరికలు న్యాయమైనవే. కానీ వాటి నుంచి మీకు తెలిసేది తక్కువ. నిన్న జరిగినదాని గురించి అడగండి. నిన్న ఎక్కడికెళ్లారు, ఎన్నింటికి ఇంట్లోంచి బయల్దేరారు, బస్సు ఎంతకొచ్చింది, అప్పటిదాకా ఏం చేశారు, పిల్లాడు ఏడిస్తే ఎక్కడికి తీసుకెళ్లారు.

సంతకు కూరగాయలు తీసుకెళ్లే ఒక పెద్దావిడను నేను ఇలాగే అడిగాను. "పెద్దమ్మా, బస్సు వచ్చేదాకా ఆ గంప కింద పెట్టుకోవచ్చు కదా?" అంటే ఆవిడ చెప్పింది: "కింద పెడితే మళ్లా నెత్తికి ఎవరెత్తుతారు నాయనా? పొద్దున్నే అందరూ తొందరలో ఉంటారు." ఆవిడ అరగంట పైగా గంప నెత్తిన పెట్టుకునే నిలబడుతోంది. అక్కడ చక్కటి బెంచీ ఉంది. ఆవిడకు అది పనికిరాదు. ఆవిడకు కావాల్సింది భుజమెత్తున ఒక దిమ్మె, గంపను తలమీద నుంచి పక్కకు జరిపి, మళ్లీ సాయం అక్కర్లేకుండా ఎత్తుకునేలా.

మన దక్షిణాది రాష్ట్రాల్లో ఈ సమస్యకు ఎప్పుడో జవాబు కనిపెట్టారు. తమిళనాడు, కేరళ పాత దారుల పక్కన బరువు దించుకునే రాతి కట్టడాలు ఇప్పటికీ కనిపిస్తాయి. రెండు నిలువు రాళ్ల మీద మనిషి భుజం ఎత్తులో ఒక అడ్డరాయి. తమిళంలో దాన్ని సుమైతాంగి అంటారు. బాటసారి బరువును నేరుగా దాని మీదికి దించి, ఊపిరి తీసుకుని, మళ్లీ తనే ఎత్తుకుని పోతాడు. సంత దారిలో ఉన్న ప్రతి స్టాపులో ఇలాంటిది ఒకటి ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఖర్చు కూడా పెద్దగా కాదు.

అడగకుండా చేస్తే ఏమవుతుందో చెప్పడానికి దక్షిణాఫ్రికాలో పుట్టిన ప్లేపంప్ కథ చాలు. పిల్లలు రంగులరాట్నం తిప్పుతూ ఆడుకుంటే, ఆ తిరుగుడుకు బోరులోంచి నీళ్లు ట్యాంకులోకి ఎక్కుతాయి. వినగానే ఎవరికైనా నచ్చే ఆలోచన. 2006లో అమెరికా నుంచి దానికి పెద్ద ఎత్తున నిధులు ప్రకటించారు, ఆఫ్రికాలో చాలా ఊళ్లలో పెట్టారు. కానీ నీళ్లు కావాల్సిన వేళకు పిల్లలు ఆటకు రారు. ఆ బరువైన చక్రాన్ని పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, వంగి తిప్పాల్సి వచ్చింది. పాడైతే బాగుచేసేవాళ్లు దొరకలేదు. కొన్నిచోట్ల జనం పాత చేతిపంపే తిరిగి ఇవ్వమన్నారు. బిందె తీసుకుని వచ్చే ఆడవాళ్లతో నాలుగు రోజులు ముందే గడిపి ఉంటే ఈ చిక్కు మొదట్లోనే బయటపడేది.

4. అక్కడికి రానివాళ్లను వెతకండి

స్టాపు దగ్గర ఉన్నవాళ్లను మాత్రమే అడిగితే, అక్కడికి రాలేనివాళ్ల సంగతి ఎప్పటికీ తెలియదు. చక్రాల కుర్చీలో ఉన్నాయన అక్కడ కనబడకపోతే, ఆయనకు బస్సు అవసరం లేదనుకోవడం అన్యాయం. స్టాపు దాకా రావడానికే దారి లేకపోయి ఉండొచ్చు. ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ టీచర్‌ను, డ్వాక్రా సంఘం ఆవిడలను కలవండి. ఏ ఇంట్లో ఎవరు బయటికి రావడం మానేశారో వాళ్లకు తెలుసు. వాళ్లతో కలిసి ఆ ఇళ్లకు వెళ్లండి.

ఇంటి దగ్గర మాట్లాడితే సరిపోదు. ఒప్పుకుంటే, వాళ్ల గుమ్మం నుంచి స్టాపు దాకా కలిసి రండి. ఎక్కడ ఆగారో అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. డ్రైనేజీ మీద విరిగిన బండ, కాలిబాట మీద పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్, ఎత్తుగా పోసిన కొత్త సీసీ రోడ్డు అంచు, ఇవన్నీ ఆ నడకలోనే బయటపడతాయి.

హైదరాబాద్ మెట్రో స్టేషన్లలో కాలికి తగిలే పసుపు గళ్ల టైల్స్ చూసే ఉంటారు. అవి ఎలా వచ్చాయో తెలుసుకుంటే ఈ మెట్టు బలం తెలుస్తుంది. చూపు తగ్గిపోతున్న ఒక స్నేహితుడి కోసం జపాన్‌కు చెందిన సెయిచీ మియాకే 1965లో వాటిని రూపొందించాడు. 1967లో ఒకయామా నగరంలో అంధుల పాఠశాల దగ్గర దారిలో మొదటిసారి వేశారు. ఒక్క మనిషి అవసరం నుంచి పుట్టిన ఆ టైల్ ఈరోజు ప్రపంచమంతా పరుచుకుంది. అలాగే కాలిబాట అంచును రోడ్డు మట్టానికి వాలుగా దించడం చక్రాల కుర్చీల కోసమే మొదలైంది. ఇప్పుడు తోపుడు బండి, ట్రాలీ సూట్‌కేసు, పసిపిల్లల బండి, మోకాళ్ల నొప్పులున్న తాతగారు, అందరూ ఆ వాలు మీదే నడుస్తారు.

5. టేపు పట్టుకుని కొలవండి

ఇప్పుడు లెక్కలు. ఇవి లేకుండా ఆఫీసుకెళ్తే మీ మాటను అభిప్రాయంగా తీసుకుంటారు. అంకెలు పట్టుకెళ్తే ఇంజనీర్ కుర్చీ చూపిస్తారు.

కాలిబాట మీద నడవడానికి అడ్డంకులు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదని, దేశంలో రోడ్లకు కొలతలు నిర్ణయించే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలు చెబుతున్నాయి. ర్యాంపు వాలు పన్నెండు అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు మించకూడదు. అంటే 150 మిల్లీమీటర్ల ఎత్తు ఎక్కాలంటే ర్యాంపు పొడవు 1.8 మీటర్లు ఉండాలి. చాలాచోట్ల రెండడుగుల్లో ముగించేస్తారు. దాని మీద చక్రాల కుర్చీ ఎక్కించడం కష్టం, దించడం ఇంకా ప్రమాదం. చక్రాల కుర్చీ తిరగడానికి 1.5 మీటర్ల గుండ్రటి చోటు కావాలి. బెంచీ ఎత్తు 45 సెంటీమీటర్ల దగ్గర ఉంటే పెద్దవాళ్లు లేవగలరు. మరీ కిందికి ఉంటే మోకాళ్లు సహకరించవు. బెంచీకి చేతులు ఆన్చుకునే కడ్డీ ఉండాలి, లేచేటప్పుడు పట్టు దొరికేది దాంతోనే.

ఇక నీడ. షెల్టర్ల విషయంలో మనం ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పైకప్పు వేస్తే నీడ వచ్చేసినట్టే అనుకుంటాం. హైదరాబాద్‌లో మే మొదటి, రెండో వారాల్లో మధ్యాహ్నం 12 దాటిన కాసేపటికి సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. అప్పుడు పైకప్పు నీడ దాని కిందే పడుతుంది. అదే సాయంత్రం 4 దాటేసరికి సూర్యుడు పడమట సుమారు 33 డిగ్రీల ఎత్తుకు దిగుతాడు. 2.6 మీటర్ల ఎత్తున్న పైకప్పు అంచు నీడ అప్పుడు తూర్పుగా 4 మీటర్ల దూరంలో పడుతుంది. పడమర ముఖంగా ఉన్న షెల్టర్‌లో బెంచీ మీద కూర్చున్నవాళ్లకు ఎండ సూటిగా ముఖానికి కొడుతుంది, నీడంతా వెనక గోడ అవతల పడుతుంది. జనం షెల్టర్ వెనక నిలబడటానికి కారణం ఇదే.

కాబట్టి ఒక ఎండ రోజున 11, 1, 3, 5 గంటలకు నీడ అంచును నేల మీద చాక్‌పీసుతో గీసి, పక్కన వేళ రాయండి. ఎక్కడ కట్టాలో, ఎటు తెరిచి ఉంచాలో ఆ గీతలే చెబుతాయి. పడమర ముఖంగా కట్టక తప్పకపోతే, వెనక గోడ నిండుగా కట్టకుండా నడుమ సందు వదిలి, గోడకు అటూ ఇటూ రెండు వైపులా బెంచీలు వెయ్యవచ్చు. పొద్దున ముందు వైపు, సాయంత్రం వెనక వైపు వాడుకుంటారు. వెనక వైపు బెంచీ నుంచి కూడా బస్సు కనబడేలా, రోడ్డుకేసి చూస్తే కుడిచేతికి వచ్చే పక్కను తెరిచి ఉంచడం మరిచిపోవద్దు. కానుగ, వేప లాంటి చెట్టు ఒకటి పడమటి పక్కన నాటితే కొన్నేళ్లకు అది రేకు కన్నా చల్లగా కాపాడుతుంది. స్టీలు బెంచీలు మాత్రం మన ఎండలకు వద్దు. మే నెలలో మధ్యాహ్నం వాటి మీద చెయ్యి పెట్టి చూస్తే చాలు. షాబాద్ బండ, కడప బండ, లేకపోతే చెక్క నయం.

6. సిమెంటు పోసే ముందు తాడు కట్టి చూడండి

కాంక్రీటు ఒకసారి పోశాక తప్పు దిద్దడం కష్టం. అందుకే ముందు వారం పది రోజులు తాత్కాలికంగా పెట్టి చూడాలి. నర్సరీల్లో వాడే ఆకుపచ్చ షేడ్‌నెట్, నాలుగు వెదురు గడలు, టెంట్‌హౌస్ నుంచి కుర్చీలు, నేల మీద ముగ్గుపిండితో గీసిన క్యూ గీత, బస్సు ఆగాల్సిన చోట సున్నంతో ఒక గుర్తు. డ్రైవర్లకు, కండక్టర్లకు ముందే చెప్పండి. నెట్ గాలికి ఎగిరి రోడ్డు మీద పడకుండా గట్టిగా కట్టండి. పోలీస్ స్టేషన్‌లో ఒక మాట చెప్పడం మంచిది.

2009లో న్యూయార్క్ నగరం టైమ్స్ స్క్వేర్ దగ్గర బ్రాడ్‌వే రోడ్డులో కొంత భాగాన్ని బండ్లకు మూసి, మడత కుర్చీలు వేసి నడిచేవాళ్లకు వదిలింది. ముందు ప్రయోగంగానే చేశారు. జనం వచ్చి కూర్చున్నారు, ఆ చోటును సొంతం చేసుకున్నారు. ఆ తర్వాతే దాన్ని శాశ్వతంగా కట్టారు. అంత పెద్ద నగరం కుర్చీలతో మొదలుపెట్టగలిగినప్పుడు మన ఊరి స్టాపుకు టెంట్‌హౌస్ కుర్చీలు ఎందుకు సరిపోవు?

ఈ రోజుల్లో మళ్లీ రెండో మెట్టు చెయ్యండి. కుర్చీలను జనం ఎటు జరుపుకుంటున్నారో చూడండి. మీరు వేసిన చోట నుంచి అవి కదిలితే, కదిలిన చోటే సరైన చోటు. ఎవరైనా ఇబ్బంది పడుతున్నారా అన్నది కూడా చూడాలి. షేడ్‌నెట్ గడ వల్ల పూలమ్మే ఆవిడ తట్ట పెట్టుకునే చోటు పోయి ఉండొచ్చు. ఆవిడను తీసేస్తే స్టాపు నీట్‌గా కనిపిస్తుందని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. చీకటి పడ్డాక ఆవిడ పెట్టుకున్న లైటే అక్కడ ఆడపిల్లలకు ధైర్యం. పైగా 2014 వీధి వ్యాపారుల చట్టం వాళ్లకు రక్షణ ఇస్తోంది. పట్టణంలో వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలని ఆ చట్టం చెబుతోంది. ఆవిడకు చోటు మీ ప్లాన్‌లోనే గీయండి.

7. స్థలం ఎవరిది, సంతకం ఎవరిది

ఇక్కడే ఎక్కువ మంది అలిసిపోతారు. కారణం, ఒకే చోటు మీద నలుగురికి అధికారం ఉంటుంది. రోడ్డు జాతీయ రహదారి కావచ్చు, ఆర్ అండ్ బీది కావచ్చు, పంచాయతీరాజ్‌ది కావచ్చు, మున్సిపాలిటీది కావచ్చు. బస్సు ఎక్కడ ఆగాలో డిపో మేనేజర్ చూస్తారు. దీపం స్థానిక సంస్థది, దానికి కరెంటు ఇచ్చేది విద్యుత్ పంపిణీ సంస్థ. ముందుగా ఆ రోడ్డు ఎవరిదో రాతపూర్వకంగా తెలుసుకోండి. నోటిమాటగా తేలకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

అర్జీ ఒక పేజీ దాటొద్దు. పైన ఆ ఒక్క వాక్యం, కింద చుక్కల బొమ్మ, నీడ గీతల ఫొటో, కొలతలు, ప్రయోగం పెట్టినప్పటి ఫొటో. పెద్ద నివేదికల కన్నా ఇది బాగా పనిచేస్తుంది. కలెక్టరేట్‌లో సోమవారం తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతాయి. అక్కడ ఇచ్చి రశీదు తీసుకోండి. ర్యాంపు, పట్టుకునే కడ్డీ లాంటివి అడిగేటప్పుడు వికలాంగుల హక్కుల చట్టం, 2016 పేరు రాయండి. అప్పుడు అది మనవి కాదు, హక్కు. వీలైతే అర్జీ ఇవ్వడానికి ఆ గంప పెద్దమ్మనూ, కాలేజీ అమ్మాయినీ వెంట తీసుకెళ్లండి. వాళ్ల నోట వింటే అధికారికి సమస్య కళ్లకు కడుతుంది.

8. కట్టేటప్పుడు దగ్గరుండండి

ప్లాన్ కాగితం మీద సరిగ్గా ఉన్నా, మేస్త్రీకి ఎవరూ చెప్పకపోతే కుడి పక్క గోడ మళ్లీ నిండుగా లేచిపోతుంది. ముగ్గు పోసే రోజున, ర్యాంపు వేసే రోజున, దీపం బిగించే రోజున మీలో ఒకరు అక్కడుండాలి. ఎందుకు అలా కట్టాలో మేస్త్రీకి చెబితే, ఆయన మనకు తట్టని ఉపాయం చెబుతాడు. పనితనం ఉన్నవాళ్లను డిజైన్‌లో కలుపుకోవడం చాలా ముఖ్యం.

దాతలు ముందుకొస్తే సంతోషమే. అమ్మానాన్నల జ్ఞాపకార్థం కట్టించిన షెల్టర్లు మన దగ్గర ఎన్నో ఉన్నాయి, వాళ్ల మనసుకు దండం పెట్టాలి. అయితే ముందు ఫలకం మీద దాత పేరుతో పాటు ఊరి పేరు కూడా పెద్ద తెలుగు అక్షరాలతో, బస్సులోంచి చదవగలిగేలా ఉండాలని అడగండి. రాత్రి పూట కొత్తవాళ్లకు ఏ స్టేజీలో దిగాలో తెలియాలి కదా. లోపల బస్సు వేళలు, చివరి బస్సు వేళ, డిపో ఫోన్ నంబరు కంటికెదురుగా రాయించండి. చివరి బస్సు వేళ తెలిస్తే చాలామందికి టెన్షన్ సగం తగ్గుతుంది. చదవడం రానివాళ్ల కోసం ఊళ్ల పేర్ల పక్కన గుడి, ఆసుపత్రి, సంత లాంటి బొమ్మలు వేయించవచ్చు.

రోడ్డు దాటే గీతలు బస్సు ఆగే చోటుకు వెనక వైపు ఉండాలి. ఆగిన బస్సు ముందు నుంచి దాటేవాళ్లు, దాన్ని ఓవర్‌టేక్ చేస్తూ వచ్చే బండికి కనబడరు.

9. బాగోగులు ఎవరివో ముందే రాసుకోండి

మన పల్లెల్లో బోరింగు అని పిలుచుకునే చేతిపంపు గురించి చెప్పాలి. మనం ఎక్కువగా చూసేది ఇండియా మార్క్ 2 రకం. అంతకుముందు ఊళ్లలో పెట్టిన పోతఇనుము పంపులు ఒక్క కుటుంబం వాడకానికి తగ్గవి. ఊరంతా రోజంతా కొట్టేసరికి అవి తొందరగా పాడయ్యేవి. సోలాపూర్ ప్రాంతంలో పుట్టిన గట్టి పంపు ఆధారంగా, యునిసెఫ్ తోడ్పాటుతో 1970ల్లో మార్క్ 2ను రూపొందించి, కోయంబత్తూరు ప్రాంతంలో బోర్లకు బిగించి పరీక్షించాక విస్తరించారు. అయినా దాంట్లో పిస్టన్ దగ్గర రిపేరు వస్తే పైపులన్నీ పైకి లాగాలి. దానికి బండి, మెకానిక్కులు రావాలి. ఊళ్లో ఆడవాళ్లు అప్పటిదాకా దూరం నుంచి మోసుకోవాలి. ఆ ఇబ్బంది చూశాకే మార్క్ 3 వచ్చింది. పైపులు విప్పకుండానే పిస్టన్‌ను పైకి తీసేలా లోపల కొలతలు మార్చారు. ఊళ్లోవాళ్లే కాస్త శిక్షణతో బాగుచేసుకోగలిగే వీలు కలిగింది.

మీ షెల్టర్‌లోనూ అదే చూడండి. ఊళ్లో ఎలక్ట్రీషియన్ దగ్గర దొరికే మామూలు బల్బే బిగించండి. రేకు ఊడితే పక్క ఊరి వెల్డర్ అతకగలగాలి. రోజూ ఊడ్చేది ఎవరు, చెత్త డబ్బా ఖాళీ చేసేది ఎవరు, పోస్టర్లు పీకేది ఎవరు, బల్బు పోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఈ నాలుగూ కాగితం మీద పేర్లతో రాసుకోండి. టీ కొట్టు ఆవిడ ఊడుస్తానంటే, అందుకు ప్రతిగా ఆవిడకు ఏం ఇస్తారో కూడా రాయండి. ఆమె శ్రమను ఉచితంగా తీసుకోకూడదు. పంచాయతీ లేక వార్డు ఖర్చుల్లో ఒక పద్దు చేర్పించగలిగితే ఇంకా మేలు.

10. ఏడాది తర్వాత మళ్లీ చుక్కలు పెట్టండి

ప్రారంభోత్సవం ఫొటోలతో పని ముగిసిందనుకోవద్దు. వానాకాలం ఒకటి, ఎండాకాలం ఒకటి గడవనివ్వండి. అవే వేళల్లో, అదే బొమ్మ మీద మళ్లీ చుక్కలు పెట్టి పాత కాగితాలతో పోల్చండి. రోడ్డు అంచున నిలబడేవాళ్లు తగ్గారా? చీకటి పడ్డాక ఆడవాళ్ల సంఖ్య పెరిగిందా? చక్రాల కుర్చీలో ఉన్నాయన ఒక్కసారైనా వచ్చారా? రాకపోతే ఆయన ఇంటికి మళ్లీ వెళ్లి, దారిలో ఇంకా ఏది అడ్డుందో అడగండి. స్టాపు బాగున్నా బస్సు మెట్లు ఎత్తుగా ఉండటమే కారణం కావచ్చు. అలాగైతే ఈసారి మీ ఒక్క వాక్యం బస్సు మెట్ల గురించి రాయండి, అర్జీ ఆర్టీసీకి పెట్టండి.